ఒక పక్కే సైనస్ వస్తుంటే పన్ను చూపించుకోవాలా, బెంగళూరు దుమ్ము అని వదిలేయాలా?

మారతహళ్లి మురళి:
మా ఆవిడకి ఏళ్లుగా కుడి ముక్కులోంచే చీములాగా కారుతోంది, ఒకటే కుళ్లు వాసన, పక్కన కూర్చున్నవాళ్లకి కూడా తెలిసేంత. చూసిన ప్రతివాళ్లూ బెంగళూరు వెదర్, వయ్యారిభామ పుప్పొడి అని అలర్జీ మాత్రలు రాశారు. ఈమధ్య సీబీసీటీ స్కాన్ (పళ్లనీ దవడనీ 3డీలో చూపించే ఎక్స్‌రే) తీయిస్తే, ఎప్పుడో రూట్ కెనాల్ చేసిన పై దవడ పన్ను వేరు చివర నల్లటి మచ్చ, సరిగ్గా దాని మీదే సైనస్ (బుగ్గ ఎముకలో ముక్కుకి ఆనుకుని ఉండే గాలి గది) పొర ఉబ్బి ఉంది. పై దవడ వెనక పళ్ల వేర్లు సైనస్ అడుగుకి ఆనుకునే ఉంటాయట. మరి ఈఎన్‌టీ వాళ్లు ఒక్కసారైనా నోరు తెరవమనరెందుకు?

చిత్తూరు శేఖర్:
అందరికీ పళ్లే కారణమంటే ఎలా మురళి గారూ? నేను రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్, దుమ్ములోంచి బండి మీద వెళ్తాను. మాస్క్ పెట్టుకున్నాక నాకు తగ్గింది.

మారతహళ్లి మురళి:
అందరికీ అనలేదండీ, ఒక పక్కే వచ్చేవాళ్లకి అన్నాను. అలర్జీ అయితే మామూలుగా రెండు ముక్కులూ పట్టేస్తాయి, తుమ్ములు, కళ్ల దురద ఉంటాయి. ఈమెకి అవేవీ లేవు.

చిత్తూరు శేఖర్:
ఆ పన్ను నొప్పి పుట్టిందా? లేదు కదా. నొప్పే లేని పన్ను మీద నింద ఎలా వేస్తారు?

హెబ్బాళ పద్మ:
నేను డెంటిస్టుని, అందుకే చెబుతున్నా. నరం చచ్చిన పన్నుకి చల్లనీళ్లు తగిలినా తెలియదు. చీము పైకి సైనస్‌లోకి దారి చేసుకుంటే చిగురు వాయదు, నొప్పీ పెద్దగా ఉండదు. పై మొదటి దవడ పన్నులో చాలామందికి వేరు లోపల నరం ఉండే సన్నటి నాలుగో కాలువ ఉంటుంది, రూట్ కెనాల్‌లో అది దొరక్కపోతే ఇన్ఫెక్షన్ అక్కడే మిగులుతుంది. మామూలు ఎక్స్‌రేలో వేర్లు, ఎముక ఒకదాని మీద ఒకటి పడి ఇవేవీ సరిగ్గా కనపడవు. ఇది కొత్త విషయమూ కాదు, 1651లోనే హైమోర్ అనే డాక్టర్ ఈ సైనస్‌ని వర్ణిస్తూ పన్ను పీకాక అందులోంచి చీము కారిన ఒకావిడ గురించి రాశాడు.

కోలారు రవి:
మా బావకీ ఇంతే, ఎడమ పక్క.

చిత్తూరు శేఖర్:
పద్మ గారూ, మా నాన్న సంగతి వినండి. సైనస్‌కి పన్నే కారణమని ఒక క్లినిక్‌లో పై పన్ను పీకేశారు. సైనస్ తగ్గలేదు సరికదా, ఇప్పుడు నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నాయి. అడిగితే అదే మానుతుందన్నారు. ఇక మీ మాట ఎలా నమ్మమంటారు?

మారతహళ్లి మురళి:
అంటే ముక్కు డాక్టర్లు మంచివాళ్లు, పళ్ల డాక్టర్లు దొంగలూనా? మా ఆవిడకి ముక్కు ఆపరేషన్ చేశారు. ఇన్సూరెన్స్ వస్తుంది కదా అని మేమూ సరేనన్నాం. పన్ను అలాగే ఉంది, చీము మళ్లీ మొదలైంది. ఇప్పుడు రూట్ కెనాల్ మళ్లీ చేయించాలంటే పాలసీలో డెంటల్ లేదు, మొత్తం జేబులోంచే.

చిత్తూరు శేఖర్:
నేను అడుగుతున్నదీ అదేనండీ! మీరు కారణం గురించి మాట్లాడుతున్నారు, నేను డబ్బు గురించి, నమ్మకం గురించి మాట్లాడుతున్నా. వాళ్లు కోస్తామంటారు, వీళ్లు పీకుతామంటారు. ఇద్దరూ ఒకచోట కూర్చుని ఆ స్కాన్ చూసిందెక్కడ?

హెబ్బాళ పద్మ:
కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో చూస్తారు, చాలాచోట్ల చూడరు. ఆ కోపం న్యాయమే. కానీ శేఖర్ గారూ, మీ నాన్నగారిది వదిలేసే విషయం కాదు. పన్ను తీసినచోట సైనస్‌లోకి రంధ్రం పడింది. చిన్నదైతే మొదట్లోనే దానంతటదే పూడుతుంది. ఇన్నాళ్లయ్యాక కూడా నీళ్లు వస్తున్నాయంటే ఓరల్ సర్జన్ దగ్గర మూయించాల్సిందే, సైనస్‌లో చీముంటే ముందు అది శుభ్రం చేయాలి. అప్పటిదాకా ముక్కు గట్టిగా చీదొద్దని చెప్పండి.

చిత్తూరు శేఖర్:
సర్జన్‌కి చూపిస్తాను. ఇంకో పన్ను మీద మాత్రం ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వను.

మారతహళ్లి మురళి:
పీకమని ఎవరన్నారండీ? స్కాన్ తీయించమన్నాను.