ఇంగ్లీషువాళ్ళకి తెలుగు క్రియలు మీరెలా నేర్పారు?

గోదారిగట్టు: మా ఆవిడది ఇంగ్లండు. చేస్తాను, చేస్తావు, చేస్తాడు అని ఎక్కాల్లా అప్పజెబుతుంది. తీరా నోరు తెరిస్తే 'రేపు నేను వచ్చను' అంటుంది. చెయ్యను, చదవను ఉన్నప్పుడు వచ్చను ఎందుకు లేదంటే ఏం చెప్పను?

పాతచాక్‌పీసు: ముందు ఆ పట్టిక అవతల పెట్టండి బాబూ. మా కోడలు అమెరికా అమ్మాయి. ఒక్కో క్రియకి నాలుగు మాటలే చెప్పాను: వచ్చాను, వస్తాను, రాను, రా. తర్వాత దానికి జోడీ: తెచ్చాను, తెస్తాను, తేను, తే. 'ఇచ్చు' దగ్గర మాత్రం ఇవ్వను, ఇవ్వు. ఈ నాలుగూ నోటికొస్తే చివర్లో వచ్చే -ఆడు, -ఇంది, -ఆరు లాంటి తోకలు అవే అతుక్కుంటాయి. తిను, విను, కొను, అను ఒక గుంపు. తింటాను పట్టుబడితే మిగతా మూడూ వచ్చేస్తాయి.

కరీంనగర్‌పోరి: మా ఇంట్ల లొల్లి వేరే. మా ఆయన ఆస్ట్రేలియా. పుస్తకంల 'నేను వచ్చాను' అని చదివిండు. మా నాయినేమో 'పొద్దుగాల్నే వచ్చిన' అన్నడు. ఈయన 'వచ్చిన ఎవరు?' అని అడిగిండు! పుస్తకంల వచ్చిన అంటే 'వచ్చిన మనిషి' అన్నట్టే గద. ఎవలింటి భాష వాళ్ళింట్ల నేర్పుడే మంచిది.

గోదారిగట్టు: హహ. మా ఆవిడకి 'లేదు' అంటే మహా ప్రేమ. నేను చెయ్యలేదు, నువ్వు చెయ్యలేదు, వాళ్ళు చెయ్యలేదు, దేనికీ మార్పు లేదుగా!

పాతచాక్‌పీసు: అక్కడే ఉంది తిరకాసు. నేను చెయ్యలేను అంటే చేతకాదని, చెయ్యలేదు అంటే జరగలేదని. కానీ 'ఆమె చెయ్యలేదు' అన్నప్పుడు రెండర్థాలూ ఉన్నాయి. మనం సందర్భాన్ని బట్టి గ్రహిస్తాం, వాళ్ళు బిక్కమొహం వేస్తారు. 'నిన్న' పెట్టి ఒకటి, 'ఒక్కతే అంత పని' అని పెట్టి ఒకటి చెప్పి చూపించండి.

ఉప్పుచేప: మా వదినకి కోపం తెప్పించింది 'వచ్చింది'. పిల్లి వచ్చింది, ఆమె వచ్చింది ఒకటేనా అని. సరే అనుకుని 'అత్తయ్య వచ్చింది' అందో రోజు. అన్నయ్య పక్కకి పిలిచి 'వచ్చారు' అనమన్నాడు. ఒక్కరే కదా వచ్చింది అంటుంది!

గోదారిగట్టు: రాత్రి నుంచి నాలుగు మాటల పద్ధతి మొదలెట్టాం. పొద్దున్నే మా అమ్మకి ఫోన్ చేసి 'నేను తెలుగు వస్తాను' అంది. 'నాకు తెలుగు వచ్చు' అనాలని చెప్పాను. మరి ఈ వచ్చు ఏ గుంపు అంటోంది. పాతచాక్‌పీసు గారూ?