పిల్లల మోచేయి ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ తప్పనిసరా?

పాప_నాన్న:
మా పాపకు ఆరేళ్ళు. ఉయ్యాల మీంచి పడి మోచేతి పైన ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి వైర్లు వేశారు. ఈ మధ్యే వైర్లు, కట్టు తీసేశారు. చెయ్యి పూర్తిగా చాపలేకపోతోంది. డాక్టరుగారు "ఆడుకోనివ్వండి, అదే వస్తుంది" అన్నారు. ఇంట్లో వాళ్ళేమో ఫిజియోథెరపీ పెట్టించమంటున్నారు. ఎవరి మాట వినాలి? టెన్షన్‌గా ఉంది.

రమణి:
పెట్టించండి. ఆలస్యమైతే కీలు బిగుసుకుపోతుంది. ఇంట్లో కూడా మర్దనా చేసి, పట్టుకుని కొంచెం కొంచెం వంచుతూ ఉండండి.

వాసు:
రమణిగారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఏడుస్తున్న పిల్ల చేతిని బలవంతంగా వంచితే కండ గాయపడి, అందులో ఎముక లాంటి గట్టి పదార్థం పేరుకునే ప్రమాదముంది. అప్పుడు ఉన్న కదలిక కూడా పోతుంది.

పెద్దవాళ్ళ సంగతి వేరు. పిల్లలకు ఈ రకం విరుపులో బిగుతు చాలావరకు దానంతటదే వదులుతుంది, కాకపోతే నెలలు పడుతుంది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండో చేతితో పోలిస్తే ఆరు వారాలకు 72 శాతం, 12 వారాలకు 86, 26 వారాలకు 94, ఏడాదికి 98 శాతం కదలిక తిరిగొచ్చింది. 2014లో 5 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 61 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకే ఫిజియోథెరపీ ఇచ్చి చూశారు. కదలికలో ఆ జట్టుకు అదనంగా ఒరిగిందేమీ లేదు. పాప తనంతట తను జుట్టు దువ్వుకోవడం, పై అరలో బొమ్మ అందుకోవడం, బంతి విసరడం... వ్యాయామమంటే అదే.

సుధ (ఫిజియోథెరపిస్టు):
బలవంతంగా వంచడం ఫిజియోథెరపీ కాదండీ, ఆ విషయంలో వాసుగారితో నేనూ ఏకీభవిస్తాను. కానీ ఆ లెక్కలు అందరికీ వర్తించవు. నరం దెబ్బతిన్నా, విరుపు కీలు లోపలికి వెళ్ళినా, కోసి సరిచేయాల్సి వచ్చినా, పిల్లలు భయంతో చెయ్యి కదపకుండా దాచుకుంటున్నా మా అవసరం ఉంటుంది. "అదే వస్తుంది" అని పంపేసి మళ్ళీ చూడకపోతే అలాంటి పిల్లలే నష్టపోతారు.

పాప_నాన్న:
మరి నరం సంగతి ఇంట్లో తెలుస్తుందా?

సుధ:
బొటనవేలి కొన, చూపుడువేలి కొన కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనండి. సున్నా కుదరక వేళ్ళు చదునుగా ఆనుకుంటుంటే వెంటనే డాక్టరుకు చూపించండి. ఇలాంటి నరాలు ఎక్కువగా కొద్ది నెలల్లో కోలుకుంటాయి, కానీ డాక్టరు గమనిస్తూ ఉండాలి.

వాసు:
సుధగారి మాట నిజమే, మళ్ళీ చూపించుకోవడం మానకూడదు. పాప_నాన్నగారూ, నాకైతే బిగుతు కన్నా వంకర మీదే ఎక్కువ పట్టింపు. ఎముక పక్కకు వాలి అతుక్కుంటే వయసుతో సరికాదు. ఎందుకంటే భుజం నుంచి మోచేయి దాకా ఉన్న ఎముక పెరుగుదలలో మోచేతి వైపు జరిగేది దాదాపు 20 శాతమే. చెయ్యి బాగా చాపగలిగాక, రెండు అరచేతులూ ముందుకు తిప్పి నిలబెట్టి ఫొటో తీయండి. విరిగిన చెయ్యి మోచేతి కింద శరీరం వైపు వాలి కనిపిస్తే ఆ ఫొటో డాక్టరుగారికి చూపించండి.