ఆంజ్ పోస్టెకోగ్లూకు దక్కవలసిన గౌరవం దక్కిందా?

ప్రశ్న: పర్లాకిమిడి నుండి, విశ్రాంత పీఈటీ

సరిహద్దు జిల్లాల మిత్రులందరికీ నమస్కారం. గజపతి జిల్లాలో ముప్పై ఏళ్లపాటు పిల్లలకు ఆటలు నేర్పి పదవీ విరమణ చేసినవాడిని. చాలా నెలలుగా మనసులో మెదులుతున్న ఒక ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను.

2025 మే 21న స్పెయిన్‌లోని బిల్బావో నగరంలో, యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీలలో రెండవ అంచె అయిన యూరోపా లీగ్ ఫైనల్ జరిగింది. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఇంట్లో అందరూ నిద్రపోతుండగా మనవడి ఫోనులో ఆ ఆటను మొదటి నుండి చివరి దాకా చూశాను. బ్రెన్నన్ జాన్సన్ గోలు ఒక్కటే మిగిలి, లండన్ క్లబ్బు టోటెన్‌హామ్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించింది. 2008 తరువాత ఆ క్లబ్బు చేతికి వచ్చిన మొదటి కప్పు అది. యూరప్ పోటీలలో అయితే 1984 తరువాత మొదటిది. సరిగ్గా పదహారు రోజులకు, జూన్ 6న, ఆ జట్టును గెలిపించిన ఆస్ట్రేలియా కోచ్ ఆంజ్ పోస్టెకోగ్లూను పదవి నుండి తొలగించారు. తరువాత ఏటా జరిగే ఫుట్‌బాల్ పురస్కారాల వేడుక బాలన్ డోర్‌లో ఉత్తమ కోచ్‌కు ఇచ్చే యోహాన్ క్రైఫ్ ట్రోఫీ తుది జాబితాలో లూయిస్ ఎన్రికే, ఆంటోనియో కాంటే, హాన్సీ ఫ్లిక్, ఎన్జో మరెస్కా, ఆర్నె స్లాట్ ఉన్నారు. యూరప్‌లో మూడవ అంచె పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్‌ను గెలిచిన మరెస్కాకు చోటు దొరికి, రెండవ అంచె పోటీని గెలిచిన పోస్టెకోగ్లూకు దొరకకపోవడం నాకు న్యాయంగా తోచలేదు.

ఆయన నడిచి వచ్చిన దారిని చూడండి. 1965లో ఏథెన్స్‌లో పుట్టి, ఐదేళ్ల వయసులో తల్లిదండ్రులతో మెల్‌బోర్న్‌కు వలస వెళ్లారు. గ్రీకు వలసదారులు స్థాపించుకున్న సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బులో డిఫెండర్‌గా ఎదిగి నాయకుడయ్యారు. హంగరీ మహా క్రీడాకారుడు ఫెరెంక్ పుష్కాష్ ఆ క్లబ్బుకు కోచ్‌గా వచ్చినప్పుడు, ఇంగ్లీషు అంతగా రాని ఆయనను తన కారులో తిప్పుతూ, ఆయన గ్రీకులో చెప్పినదాన్ని తోటివారికి ఇంగ్లీషులో వినిపించినవాడు ఈ కుర్రవాడే. తరువాత అదే క్లబ్బుకు కోచ్‌గా 1998, 1999లలో వరుసగా జాతీయ లీగ్ గెలిపించారు. బ్రిస్బేన్ రోర్ జట్టును వరుసగా 36 ఆటలలో ఓటమి లేకుండా నడిపారు. 2015లో ఆస్ట్రేలియాకు మొట్టమొదటి ఆసియా కప్పు తెచ్చారు. 2019లో యొకొహామా ఎఫ్ మారినోస్‌కు పదిహేనేళ్ల తరువాత జపాన్ లీగ్ టైటిల్ అందించారు. స్కాట్లాండ్‌లో సెల్టిక్‌కు రెండేళ్లలో ఐదు కప్పులు గెలిపించారు. స్కాట్లాండ్‌కు ముందు చేసినదంతా కూడా యూరప్‌లో జరిగి ఉంటే ఆ మనిషిని నెత్తిన పెట్టుకునేవారు కాదా? మెల్‌బోర్న్‌లో, బ్రిస్బేన్‌లో, యొకొహామాలో జరిగింది కనుక లెక్కకు రాలేదా?

నా వైపు నుండి ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను తయారు చేసిన పిల్లలు ఒక ఏడు జిల్లా స్థాయిలో కప్పు గెలిచినప్పుడు వేదిక మీద ఉన్న అతిథులందరికీ శాలువాలు కప్పారు. పిల్లలకు ఆట నేర్పినది ఎవరని ఒక్కరూ అడగలేదు. నా ప్రశ్నలో ఆ నొప్పి కలిసి ఉండవచ్చు. అయినా ప్రశ్న ప్రశ్నే. మీ అభిప్రాయం తెలపండి.

మొదటి సమాధానం: రాయగడ నుండి

మాస్టారికి నమస్కారాలు. మీ బాధ అర్థమైంది, కానీ మీ వాదనతో ఏకీభవించలేకపోతున్నాను.

ఏటా ఇచ్చే పురస్కారం ఆ ఏటి పనికి ఇచ్చేది. 2024-25లో టోటెన్‌హామ్ ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆడిన 38 ఆటలలో 22 ఓడిపోయింది. 38 పాయింట్లతో పదిహేడవ స్థానంలో నిలిచింది. ఇరవై జట్లలో చివరి మూడు కింది లీగ్‌కు పడిపోతాయి కనుక, పడిపోకుండా మిగిలినవాటిలో ఆఖరిది ఈ జట్టే. ఒక జట్టు సగానికి పైగా ఆటలు ఓడిన ఏడాదికి ఆ కోచ్‌ను ప్రపంచంలోని ఐదుగురు ఉత్తమ కోచ్‌లలో చేర్చాలని అడగడం కష్టం. మరెస్కా గురించి మీరు సగమే చెప్పారు. ఆయన చెల్సీని లీగ్‌లో నాలుగవ స్థానానికి చేర్చారు. జులైలో క్లబ్ ప్రపంచ కప్ ఫైనల్‌లో పారిస్ సాంజెర్మాన్‌ను 3-0తో ఓడించారు. ఆ చోటు ఆయనకు ఊరకే రాలేదు.

టైటిల్ గెలిచినవారికే పురస్కారాలు ఇస్తారన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2010లో నాలుగవ స్థానం తెచ్చిన హ్యారీ రెడ్‌నాప్‌కు, 2012లో ఐదవ స్థానం తెచ్చిన అలన్ పార్డ్యూకు, 2014లో అట్టడుగున ఉన్న క్రిస్టల్ ప్యాలెస్‌ను పదకొండవ స్థానానికి లేపిన టోనీ ప్యులిస్‌కు ప్రీమియర్ లీగ్ ఉత్తమ మేనేజర్ పురస్కారం దక్కింది. అంటే చిన్న చేతితో పెద్ద పని చేసినవారిని న్యాయనిర్ణేతలు గుర్తిస్తూనే ఉన్నారు. పోస్టెకోగ్లూనూ గుర్తించారు. 2023 ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల ఉత్తమ మేనేజర్ పురస్కారాలు మూడూ ఆయనవే. ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి మూడు నెలలూ ఈ పురస్కారం అందుకున్నవారు అంతకు ముందు లేరు. స్కాట్లాండ్‌లో ఉన్న రెండేళ్లూ ఆటగాళ్ల సంఘం ఆయననే ఉత్తమ మేనేజర్‌గా ఎన్నుకుంది.

2025 సెప్టెంబరులో ఆయనను నాటింగ్‌హామ్ ఫారెస్ట్ తీసుకుంది. ఎనిమిది ఆటలలో ఒక్క గెలుపూ లేక 39 రోజులకే తొలగించింది. దీన్ని ఆయన జీవితకాలపు పనికి మచ్చగా చూపడం నా ఉద్దేశం కాదు. కానీ 2025వ సంవత్సరాన్ని తూకం వేసేటప్పుడు ఒక్క బిల్బావో రాత్రిని పళ్లెంలో పెట్టి మిగిలిన రోజులను పక్కకు నెట్టలేము కదా.

రెండవ సమాధానం: బరంపురం నుండి

నా వయసు డెబ్భై దాటింది. మా నాన్నగారు ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టేవారు, కనుక ఈ చర్చ చదువుతుంటే నాకు మెల్‌బోర్న్ కంటే ముందు హైదరాబాదు గుర్తుకు వచ్చింది.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారిని మనలో ఎందరు తలుచుకుంటున్నారు? ఆయన హైదరాబాదులో ఉపాధ్యాయుడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిపించారు. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో ఇరాన్‌ను ఓడించి భారతదేశానికి స్వర్ణం తెచ్చారు. 1956లో ఒలింపిక్స్‌కు జట్టును తీసుకువెళ్లినది ఈ పోస్టెకోగ్లూ పెరిగిన మెల్‌బోర్న్ నగరానికే. అక్కడ ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాము; నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. ఆ పోటీలో నాలుగవ స్థానం మనది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం గెలిచేనాటికి రహీమ్ గారిని క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు. 2015 ఆసియా కప్ ఫైనల్‌లో పోస్టెకోగ్లూ జట్టు ఓడించినదీ దక్షిణ కొరియానే, అదీ 2-1తోనే. ఆ సంగతి గమనించిన రోజున నేను చాలాసేపు మౌనంగా కూర్చున్నాను.

కోచ్‌లకు ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. రహీమ్ గారు పోయి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఫుట్‌బాల్‌లో ఆ పురస్కారం 1990లో హైదరాబాదువారే అయిన సయ్యద్ నయీముద్దీన్ గారికి వచ్చింది, అందుకు సంతోషించాను. అయినా మన దేశపు ఫుట్‌బాల్‌ను ఆసియాలో అగ్రస్థానానికి తీసుకువెళ్లిన మనిషి బ్రతికి ఉండగా కోచ్ అన్న పనికంటూ ఒక పురస్కారమే మన దగ్గర లేదు. పోస్టెకోగ్లూకు జాబితాలో చోటు దొరకలేదని మాస్టారు బాధపడుతున్నారు. ఆ జాబితా అనేది ఒకటి ఉంది, ఆయన పేరు ఎందుకు లేదని అడిగే మీలాంటి వారు ఉన్నారు. రహీమ్ గారికి ఆ రెండూ లేకపోయాయి. అందుచేత నేను మాస్టారి పక్షమే. రాయగడ మిత్రుడు చెప్పిన లెక్కలు తప్పు కావు. అయితే కోచ్ విలువను ఒక్క ఏటి పట్టికతో తేల్చేస్తే, బలం లేని జట్లను ఎన్నుకుని బాగుచేసే మనిషి ఎన్నటికీ ఆ తూకంలో నెగ్గడు.

మూడవ సమాధానం: గుణుపురం నుండి, బాలికల జట్టు శిక్షకురాలు

మాస్టారూ, మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. పర్లాకిమిడి మైదానంలో మీరు అబ్బాయిలకు నేర్పుతుండగా గట్టు మీద కూర్చుని చూసిన పిల్లలలో నేనొకదాన్ని. ఇప్పుడు ఇక్కడ సాయంత్రాలు అమ్మాయిలకు ఆట నేర్పుతున్నాను.

రాయగడ అన్నగారు 22 ఓటములు అన్నారు. ఆ ఓటములు ఎప్పుడు, ఎలా వచ్చాయో కూడా చూడాలి. 2024 నవంబరులో మాంచెస్టర్ సిటీని వాళ్ల మైదానంలోనే 4-0తో ఓడించిన ఆటలో గోల్‌కీపర్ వికారియో చీలమండ విరిగింది. డిఫెండర్లు వాన్ డె వెన్, రొమేరో ఆ చలికాలంలో చాలా భాగం గాయాలతో బయటే ఉన్నారు. పద్దెనిమిదేళ్ల మిడ్‌ఫీల్డర్ ఆర్చీ గ్రేను తెచ్చి వెనుక వరుస మధ్యలో నిలబెట్టవలసి వచ్చింది. ఆయన పద్ధతిలో సొంత గోలుకు దూరంగా, మైదానం మధ్య దాకా ముందుకు వచ్చి నిలిచే వెనుక వరుసకు వేగంగా వెనక్కి పరుగెత్తగలవాళ్లు లేకపోతే ఆ పద్ధతి నిలవదు. ఆయన దాన్ని మార్చుకోవడానికి ఆలస్యం చేశారన్నది నిజమే, అది ఆయన తప్పే. 2023 నవంబరులో చెల్సీతో ఆడినప్పుడు ఇద్దరు రెడ్ కార్డులతో బయటికి వెళ్లి తొమ్మిది మంది మిగిలినా వెనుక వరుసను మైదానం మధ్యగీత దగ్గరే నిలబెట్టి 4-1తో ఓడిపోయిన మనిషి ఆయన. అదే మనిషి బిల్బావోలో బంతిని యునైటెడ్‌కు వదిలేసి, తన జట్టును గోలు ముందు గోడలా నిలబెట్టి కప్పు గెలిచారు. యాభై తొమ్మిదేళ్ల వయసులో తన నమ్మకాన్ని తానే పక్కన పెట్టుకుని, చేతిలో ఉన్న ఆటగాళ్లకు తగిన ఆట ఆడించడం కోచ్ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. పట్టికలో దానికి గడి లేదు.

ఇలాంటిది మన రాష్ట్రంలోనూ చూశాము. 2023లో ఒడిశా ఎఫ్‌సీకి తాత్కాలిక కోచ్‌గా నిలిచిన క్లిఫర్డ్ మిరాండా ఏప్రిల్‌లో బెంగళూరు ఎఫ్‌సీని ఫైనల్‌లో 2-1తో ఓడించి సూపర్ కప్పు తెచ్చారు. క్లబ్బు చరిత్రలో అది మొదటి కప్పు. వెంటనే మే నెలలో ప్రధాన కోచ్ పదవికి సెర్గియో లొబెరాను తీసుకున్నారు. లొబెరా సమర్థుడే, ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఆ ఏడు మా అమ్మాయిలు కప్పు ఫోటోలు ఫోనులో చూపిస్తుంటే, ఈ జట్టుకు కోచ్ ఎవరో చెప్పండని అడిగాను. పదకొండు మంది ఆటగాళ్ల పేర్లు గడగడా చెప్పారు, కోచ్ పేరు ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ రోజు నుండి ప్రతి ఆట గురించి మాట్లాడేటప్పుడు కోచ్ పేరుతో మొదలుపెడుతున్నాను.

తిరిగి పర్లాకిమిడి నుండి

అమ్మా, గట్టు మీద కూర్చున్న పిల్లలలో ఎవరిని ఆటలోకి పిలవలేకపోయానో ఇప్పుడు తెలిసింది. ఆ రోజుల్లో ఆడపిల్లలను మైదానంలోకి దింపే ధైర్యం నేను చేయలేదు. అందుకు క్షమించు.

రాయగడ మిత్రుని మాట ఒప్పుకుంటున్నాను. 2025 జాబితాలో మరెస్కా ఉండటం తప్పు కాదు. క్లబ్ ప్రపంచ కప్పును నేను తీసి పక్కన పెట్టి వాదించాను. అందుచేత ప్రశ్నను సరిదిద్దుకుంటాను. ఆ ఏటి ఉత్తమ కోచ్ పోస్టెకోగ్లూ అని ఇకపై అనను. ఇరవై ఏడేళ్ల వ్యవధిలో, 1998 నుండి 2025 దాకా, ఆస్ట్రేలియా, జపాన్, స్కాట్లాండ్ లీగులను గెలిచి, ఒక ఖండపు జాతీయ కప్పునూ మరొక ఖండపు క్లబ్బు కప్పునూ గెలిపించిన పనిని మొత్తంగా చూసే పురస్కారం ఒకటి ఉండాలంటున్నాను. అటువంటిది ఉంటే మొదటి వరుసలో ఆయన పేరు రావాలి. ఆయన తరువాత యొకొహామాను 2022లో విజేతగా నిలిపి, 2024లో షాంఘై పోర్ట్‌కు చైనా లీగ్ టైటిల్ తెచ్చిన కెవిన్ మస్కట్ కూడా ఆస్ట్రేలియావాడే. ఆ దేశపు కోచ్‌లు ఆసియాలో చేస్తున్న పనిని యూరప్‌లో ఆ జాబితాలు తయారు చేసే పాత్రికేయులు ఎంత చూస్తున్నారన్న అనుమానం నాకు ఇంకా తీరలేదు.

బరంపురం పెద్దలు కొరియా సంగతి చెప్పారు కనుక ఇంకొకటి చేరుస్తాను. 2015 ఫైనల్‌లో నిర్ణీత సమయం ముగిసిన తరువాత కొరియాకు సమం చేసే గోలు కొట్టి పోస్టెకోగ్లూ జట్టును అదనపు సమయంలోకి లాగిన కుర్రవాడు సన్ హుంగ్-మిన్. పదేళ్లకు బిల్బావోలో టోటెన్‌హామ్ కెప్టెన్‌గా కప్పు పైకెత్తినదీ అతడే.

రాయగడ నుండి, మళ్లీ

మాస్టారూ, మొత్తం జీవితకాలపు పనికి అంటే నాకు అభ్యంతరం లేదు. నా ఓటు రాసుకోండి. ఒక్క షరతు: ఆ జాబితా మనమే తయారు చేసేట్టయితే మొదటి పేరు రహీమ్ గారిది ఉండాలి, రెండవది పోస్టెకోగ్లూది. ఈ నెలాఖరున గుణుపురంలో అమ్మాయిల ఆట ఉంటే తేదీ తెలపండి, పాసెంజరు బండిలో మీరూ నేనూ కలిసి వెళదాము.