పాత పోర్టులున్న కంప్యూటర్ ఒక్కటే తీసుకోవాలంటే ఏది?

పాతపెట్టె:
అందరికీ నమస్కారం. నా దగ్గర కంప్యూటర్ కంటే ముందు దానికి తగిలించే సామాను పోగైంది. 9 పిన్నుల సీరియల్ మౌస్, ప్యారలల్ కేబుల్‌తో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, 15 పిన్నుల జాయ్‌స్టిక్, లావుపాటి 5 పిన్నుల డిన్ ప్లగ్గున్న కీబోర్డ్. ఇవన్నీ పనిచేసే మెషీన్ ఒకటి కలెక్షన్‌లో పెట్టుకోవాలని ఉంది. చోటు ఒక్కదానికే ఉంది. 386, 486, పెంటియం 3లలో మీరైతే ఏది తీసుకుంటారు?

సోల్డర్‌పొగ:
ప్రాసెసర్ పేరు కాసేపు పక్కన పెట్టి, వెనక వైపు ఫోటో అడగండి. అమ్మేవాళ్లు ముందు వైపు తుడిచి ఫోటో పెడతారు, మనకు కావాల్సింది వెనకే. 9 పిన్నులు బయటికి కనిపిస్తే సీరియల్. అదే సైజులో 9 రంధ్రాలుంటే చాలా వరకు పాత సీజీఏ, ఈజీఏ మానిటర్‌ది. 15 రంధ్రాలు రెండు వరుసల్లో ఉంటే జాయ్‌స్టిక్‌కి, మూడు వరుసల్లో ఉంటే వీజీఏ. 25 రంధ్రాలుంటే ప్యారలల్, 25 పిన్నులుంటే అది కూడా సీరియలే.

ఒక్క జాగ్రత్త. 1986 నాటి మ్యాకింటాష్ ప్లస్‌తో మొదలుపెట్టి చాలా మ్యాక్‌లకు స్కజీ పోర్టు (బయటి హార్డ్ డిస్కుల్లాంటివి తగిలించేది) కూడా అచ్చం ఇలాగే 25 రంధ్రాలతో ఉంటుంది. చూడ్డానికి ప్యారలల్ లాగే ఉంది కదా అని ప్రింటర్ కేబుల్ పెట్టకండి. ప్రింటర్‌కో, బోర్డుకో దెబ్బ తగలొచ్చు.

రిబ్బన్‌కేబుల్:
నేను ఒక 486 తీసుకున్నాను, ఇప్పటికీ అదంటేనే ఇష్టం. కానీ తీసుకున్న మొదటి వారం బాగా టెన్షన్ పడ్డాను. ఏటీ బోర్డుల్లో (386, 486ల్లో ఉండే పాత రకం మదర్‌బోర్డులు) సాధారణంగా కీబోర్డ్ సాకెట్ ఒక్కటే బోర్డుకి అతికి ఉంటుంది. సీరియల్, ప్యారలల్ పోర్టులు వెనక స్లాటు రేకుకి బిగించి, రిబ్బన్ కేబుల్‌తో బోర్డుకో కార్డుకో తగిలిస్తారు. నాకు అమ్మినాయన దగ్గర ఆ రేకులు లేవు. వేరేచోట దొరికిన రేకు తెచ్చి బిగిస్తే మౌస్ అసలు కదల్లేదు. డ్రైవర్లు మార్చాను, మౌస్ కూడా మార్చాను. రెండు రోజుల తర్వాత మల్టీమీటర్ పెట్టి ఒక్కో వైరూ చూస్తే అప్పుడు తెలిసింది. ఈ రేకులు రెండు రకాలు. ఒకదాంట్లో రిబ్బన్ వైర్లు పోర్టుకి 1, 6, 2, 7 వరుసలో వెళ్తాయి, ఇంకోదాంట్లో 1, 2, 3, 4 వరుసలో. ప్లగ్గు రెండింటికీ ఒకటే కాబట్టి చూస్తే తేడా తెలియదు. కాబట్టి పాతపెట్టె గారూ, 486 వైపు వెళ్తే రేకులతో సహా ఇమ్మని గట్టిగా అడగండి.

నల్లతెర_386:
దానికంటే ముందు బ్యాటరీ చూడాలండీ. 386, 486 బోర్డుల్లో చాలావాటికి కీబోర్డ్ సాకెట్ దగ్గర బొటనవేలి కణుపంత నికెల్ కాడ్మియం బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది. ఏళ్లు గడిస్తే కారిపోయి కింద రాగి ట్రాక్‌లను తినేస్తుంది. సాకెట్ చుట్టూ పచ్చగా పొక్కులు కట్టి ఉంటే ముందుగా పోయేది కీబోర్డే. కొంచెమే కారితే బ్యాటరీ కత్తిరించి తీసేసి, వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగితే బతుకుతుంది. స్లాట్ల దాకా పాకితే నేనైతే వదిలేస్తాను.

బీఎక్స్_అభిమాని:
ఒక్కటే అంటే నా ఓటు పెంటియం 3 పట్టే, 1998లో వచ్చిన ఇంటెల్ 440 బీఎక్స్ చిప్‌సెట్ బోర్డుకి. చాలావాటిలో రెండు సీరియల్, ఒక ప్యారలల్, రెండు పీఎస్/2 (కీబోర్డ్, మౌస్‌లకు చిన్న గుండ్రటి సాకెట్లు), యూఎస్‌బీ అన్నీ బోర్డు మీదే ఉంటాయి, రేకుల గొడవ లేదు. ఐసా స్లాటున్నది (పాత కార్డులు పెట్టుకునే స్లాటు) వెతకండి. అందులో పాత సౌండ్ కార్డు పెడితే జాయ్‌స్టిక్ పోర్టు దానితోపాటే వచ్చేస్తుంది. డిన్ కీబోర్డ్‌కి చిన్న మార్పిడి ప్లగ్గు చాలు, లోపల ఉత్త వైర్లే. 1984 నాటి ఏటీ కీబోర్డ్ మాట్లాడే పద్ధతే పీఎస్/2ది కూడా. మీది అంతకంటే పాత ఎక్స్‌టీ రకమైతే మాత్రం పనిచేయదు, అడుగున ఎక్స్‌టీ, ఏటీ అని స్విచ్ ఉందేమో చూడండి.

కొనేముందు కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉండాలి, ఉబ్బితే మార్చాల్సిందే.

కొత్తసభ్యుడు:
ఇప్పటి కంప్యూటర్‌కే యూఎస్‌బీ మార్పిడి కేబుళ్లు వాడుకుంటే సరిపోదా?

సోల్డర్‌పొగ:
ప్రింటర్ వరకు సరిపోతుంది. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే మామూలు కేబుల్ తనను తాను ప్రింటర్‌గానే చూపించుకుంటుంది, అసలు పోర్టుగా కాదు. డాస్ (విండోస్‌కి ముందటి సిస్టమ్) ప్రోగ్రాములు పోర్టు అడ్రస్‌కి నేరుగా రాస్తాయి, ఆ అడ్రస్సే అక్కడ ఉండదు. పాత స్కానర్లు, చిప్‌లలోకి కోడ్ ఎక్కించే ప్రోగ్రామర్ పరికరాలు అక్కడే ఆగిపోతాయి. సీరియల్ కేబుళ్లు కొంత నయం.

రిబ్బన్‌కేబుల్:
బీఎక్స్ బోర్డు సౌకర్యమే, ఒప్పుకుంటాను. కానీ 386 కాలం ఆటలు కొన్ని పెంటియం 3 మీద ఆడలేనంత వేగంగా పరుగెడతాయి. జాయ్‌స్టిక్ ఉందన్నారు కాబట్టి చెబుతున్నా. నా 486లో టర్బో బటన్ నొక్కితే వేగం తగ్గుతుంది.

బీఎక్స్_అభిమాని:
నిజమే. బయోస్‌లో (మెషీన్ సెట్టింగుల తెర) క్యాష్ అనే వేగపు మెమరీని ఆపేస్తే బీఎక్స్ కూడా బాగా నెమ్మదిస్తుంది, కానీ బటన్ నొక్కినంత తేలిక కాదు.

పాతపెట్టె:
నాకు ఆటల కంటే ప్రింటర్ ముఖ్యం. ఐసా స్లాటున్న పెంటియం 3 ఒకటి చూశాను. వెనక ఫోటో అడిగితే ఇవాళే పంపారు. ముదురు ఎరుపు 25 రంధ్రాలది ఒకటి, పక్కన నీలి ఆకుపచ్చ 9 పిన్నులవి రెండు. కెపాసిటర్లు దగ్గరగా ఫోటో తీయమని అడిగాను. కీబోర్డ్ అడుగున స్విచ్ లేదు, తయారీ సంవత్సరం 1991 అని ఉంది.

నల్లతెర_386:
1991 అంటే దాదాపుగా ఏటీ రకమే, భయం లేదు. ఒకటి గుర్తుంచుకోండి. పీఎస్/2, ప్యారలల్ రెండూ కరెంటు ఉండగా పీకి పెట్టేవి కావు. రెండు వైపులా ఆపాకే తగిలించండి.