టోర్బెల్: ఉమ్మడి బీడును కాపాడుకున్న ఊరా, తలుపులు మూసుకున్న ఊరా?

గరిక:
స్విట్జర్లాండ్‌లోని వలే రాష్ట్రంలో, విస్ప్ పట్టణానికి పైన, దాదాపు 1,500 మీటర్ల ఎత్తున టోర్బెల్ అనే చిన్న ఊరుంది. ఉమ్మడి ఆస్తిని జనం తామే కాపాడుకోగలరని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఈ ఊరి పేరే ఎత్తుతారు. దాన్ని ఆదర్శమనడానికి నాకు మనసొప్పదు. 1483లో ఊరివాళ్లు కూడి రాసుకున్న కట్టుబాటు చూడండి. పరాయి మనిషి టోర్బెల్‌లో పొలం కొనుక్కున్నా సరే, కొండమీది ఉమ్మడి బీడులో, అంటే ఊరి పశువులన్నీ మేసే పచ్చికలో, అతనికి హక్కు రాదన్నారు. డబ్బు పెట్టి భూమి కొన్నవాడు కూడా బయటివాడే! పంచుకోవడం గొప్పే, కానీ ఎవరు ఎవరితో పంచుకున్నారు?

పాతకాగితం:
గరిక గారూ, ఆ కట్టుబాటు ఉన్న మాట నిజమే. అయితే 1517 నాటి నియమాన్ని పక్కన పెట్టి ఈ ఊరిని తూచలేం. చలికాలమంతా ఎన్ని ఆవులను మేపగలరో, వేసవిలో అన్నింటినే కొండకు తోలాలి. అంతకుమించి ఒక్కటి కూడా తోలకూడదు.

ఇందులో ఎంత తెలివి ఉందో గమనించండి. చలికాలపు మేత అంటే ఎండుగడ్డి. అది సొంత గడ్డినేలలోనే పండాలి, సొంత కొట్టంలోనే నిలవుండాలి. కాబట్టి వసంతంలో పది ఆవులు కొని, ఊరుమ్మడి పచ్చికపై ఉచితంగా బలిపించి, ఆకురాలే కాలంలో అమ్ముకునే దారి మూసుకుపోయింది. ఆవులు కొండెక్కగానే లెక్కపెట్టేవారు. ఆ ఆవుల పాలతో చేసిన చీజ్‌ను వేసవి చివర పంచుకోవడానికీ ఆ లెక్కే ఆధారం. హద్దు మీరినవారికి జరిమానా వేసే ఊరి అధికారికి అందులో సగం దక్కేది, అందువల్ల అతను చూసీ చూడనట్టు ఊరుకునే అవకాశం తక్కువ. ఇళ్లకూ పొయ్యిలకూ కావలసిన చెట్లకు ఊరి పెద్దలే గుర్తులు పెట్టి, కుటుంబాల జట్లకు చీటీలు వేసి పంచేవారు.

రాబర్ట్ నెటింగ్ అనే మానవశాస్త్రవేత్త ఈ ఊళ్లో ఉండి, పాత రికార్డులు తిరగేసి, 1981లో పుస్తకం వేశారు. ఉమ్మడి ఆస్తిని జనం తామే కాపాడుకోగలరని ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1990లో దాన్ని ఆధారం చేసుకుని వాదించారు. ఆమెకు 2009లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ఉమ్మడి పచ్చిక నాశనం కాక తప్పదని 1968లో గారెట్ హార్డిన్ అనే జీవావరణ శాస్త్రవేత్త రాసినదానికి ఈ ఊరే సూటి జవాబు. అయిదు శతాబ్దాల పచ్చికను చిన్నచూపు చూడలేం.

వానజల్లు:
మీరు మెచ్చుకున్న నియమమే నన్ను కలవరపెడుతోంది. చలికాలంలో ఎన్ని ఆవులను మేపగలమన్నది దేనిమీద ఆధారపడుతుంది? గడ్డినేల మీద. ఆ నేల ఉమ్మడిది కాదు, ఎవరిది వారిదే. పొలాలు, తోటలు, ద్రాక్షతోటలు కూడా సొంత ఆస్తులే. అంటే కింద ఎక్కువ నేల ఉన్నవాడికే పైన ఎక్కువ పచ్చిక. బీడు బతికింది, ఒప్పుకుంటాను. సమానత్వం కూడా ఉందంటే మాత్రం ఒప్పుకోను.

ఇంకొకటి. జనాభా పెరిగితే ఏ నియమమైనా బీటలు వారుతుంది. అక్కడ ఆలస్యంగా పెళ్లిళ్లు చేసుకున్నారు, చాలామంది అసలు చేసుకోకుండానే ఉండిపోయారు, ఎందరో వలసపోయారు. నెటింగ్ చెప్పిన మాటే ఇది. బీడు పచ్చగా నిలవడానికి ఎవరి జీవితాలు ఎంత కుదించుకుపోయాయో కూడా లెక్కలో చేర్చాలి.

నీటిలెక్క:
ఈ వాదనలో నీటిని మరిచిపోతున్నారు. విస్ప్ లోయ స్విట్జర్లాండ్‌లో బాగా పొడిగా ఉండే చోట్లలో ఒకటి. కొండ అంచున తవ్విన కాలువల నీరు లేకపోతే అక్కడ ఎండుగడ్డే లేదు. ఆ కాలువ పగిలితే ఒక్క కుటుంబం బాగుచేసుకోలేదు. వలే రాష్ట్రంలో నీటి వంతులను గాట్లు పెట్టిన చెక్కముక్కల మీద గుర్తుపెట్టుకునేవారు. ఏ ఇంటికి ఎన్ని గాట్లుంటే అంత నీరు. పని పంచుకున్నవారి పేర్లు తెలియాలంటే జాబితాకు ఎక్కడో గీత గీయక తప్పదు. గరిక గారు ద్వేషం అనుకుంటున్నదాన్ని నేను ఖాతా పుస్తకం అనుకుంటున్నాను.

గరిక:
ద్వేషం అని నేను అనలేదు. గీత గీయడం వేరు, దాన్ని దాటే దారి లేకుండా చేయడం వేరు. మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలోని కాలువ కింది పల్లెలను పరిశోధించి 1988లో పుస్తకం ప్రచురించారు. కాలువ చివరి ఊళ్లలో రైతులు తామే కూడి, నీరు పారించేవాళ్లనూ పొలం కాపలావాళ్లనూ పెట్టుకున్నారు. కోతలయ్యాక పొలాల్లో మేపుకొనే హక్కును గొర్రెల మందలవాళ్లకు అమ్మి, ఆ సొమ్మును ఊరి నిధికి చేర్చారు. బయటివాడికి వెల కట్టి చోటిచ్చారు కదా! టోర్బెల్‌లో భూమి కొన్నవాడికి ఆపాటి అవకాశమైనా లేదు.

పాతకాగితం:
కర్నూలు మాట తెచ్చినందుకు సంతోషం, కానీ ఆ పోలిక రెండువైపులా కోస్తుంది. అక్కడ మందకు దొరికింది కోతలైపోయిన పొలంలో మేత, ఒక సీజన్ వరకే. టోర్బెల్‌లో అడిగేది తరతరాల వాటా. పైగా ఆ కర్నూలు ఊళ్లలో నిర్ణయాలు చేసింది ఎక్కువ భూమి ఉన్న రైతులు. మేతకు డబ్బు కట్టిన కాపరికి ఆ సమావేశంలో ఓటు లేదు. టోర్బెల్‌లో కట్టుబాట్లను ఊరి పౌరులే ఓటేసి నిర్ణయించేవారు.

వానజల్లు:
ఏ పౌరులు? స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకు జాతీయ స్థాయిలో ఓటు హక్కు వచ్చిందే 1971లో. అదే వలే రాష్ట్రంలోని ఉంటర్‌బెఖ్ అనే ఊళ్లో 1957లో కొందరు స్త్రీలు ధైర్యంగా ఓటేస్తే, వాటిని లెక్కలోకే తీసుకోలేదు.