ఇంటి కంప్యూటర్‌కి డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనడం ఇంకా అవసరమా?

రీబూట్:
విండోస్ 11 వాడే ఇంట్లో విడిగా యాంటీవైరస్ కొనక్కర్లేదని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణాలతో రండి.

డిఫెండర్ విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి, పూర్తి స్థాయి యాంటీవైరస్‌గా సిస్టమ్‌తోనే వస్తోంది. మొదట్లో అది పరీక్షల్లో బాగా వెనకబడి ఉండేది. ఆ చెడ్డపేరు ఇప్పటికీ పోలేదు. కానీ జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ రెండు నెలలకోసారి ఇచ్చే ఫలితాలు చూడండి. రక్షణకి 6, వేగానికి 6, వాడకానికి 6, మొత్తం 18 మార్కులు. డిఫెండర్ కొన్నేళ్లుగా ఆ 18 దగ్గరే ఉంటోంది. ఉచితంగా వచ్చేదే అక్కడ ఉంటే ఏటా డబ్బు దేనికి కట్టాలి?

పైగా కొన్న సాఫ్ట్‌వేర్ మనకి ఏం చేస్తోందో కూడా చూడాలి కదా. అవాస్ట్ తన యూజర్ల బ్రౌజింగ్ వివరాలని జంప్‌షాట్ అనే అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముతోందని 2020 జనవరిలో బయటపడింది, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దానిచేత కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. కాపలా కాస్తుందని నమ్మి ఎక్కించుకున్న సాఫ్ట్‌వేరే మనం ఏ సైటుకి వెళ్లామో అమ్ముకుంటే ఇక దొంగ ఎవరు, కాపలా ఎవరు? 2021లో నార్టన్ 360లో క్రిప్టో మైనింగ్ ఫీచర్ పెట్టారు. మనం ఆన్ చేస్తేనే పనిచేసేది, నిజమే, కానీ యాంటీవైరస్‌లో అసలు దానికేం పని?

పహరా:
రీబూట్ గారూ, మీరు ఒక సంస్థ మార్కులే చెప్పారు. ఆస్ట్రియాలో ఏవీ-కంపారిటివ్స్ అని ఇంకొకటి ఉంది. వాళ్లు మాల్వేర్‌ని, అంటే హాని చేసే ప్రోగ్రాములని, ఇంటర్నెట్ ఉన్నప్పుడూ లేనప్పుడూ విడివిడిగా పరీక్షిస్తారు. నెట్ తీసేస్తే డిఫెండర్ పట్టుకునేవి బాగా తగ్గిపోతాయి, ఎందుకంటే అది చాలావరకు క్లౌడ్‌ని, అంటే నెట్‌లో ఉన్న మైక్రోసాఫ్ట్ సర్వర్లని, అడిగి తేల్చుకుంటుంది. బిట్‌డిఫెండర్ లాంటివి నెట్ లేకపోయినా పెద్దగా పడిపోవు. నెట్ వచ్చీ పోయీ ఉండే ఇంట్లో, పెన్‌డ్రైవులు చేతులు మారే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఇంకొకటి. విండోస్‌తో వచ్చే స్మార్ట్‌స్క్రీన్ అనే ఫీచర్ మోసపు పేజీలని ఆపేది ప్రధానంగా మైక్రోసాఫ్ట్ సొంత బ్రౌజర్ ఎడ్జ్‌లో. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి అదే పని చేసే గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ ఉంది, కాదనను, కానీ అది డిఫెండర్ గొప్పతనం కాదు. కొన్న ప్యాకేజీ ఏ బ్రౌజర్ తెరిచినా చూస్తుంది. అవాస్ట్ చేసిన పనికి మొత్తం రంగాన్నే కొట్టిపారేయడం న్యాయం కాదు.

అంకెలపిచ్చి:
ఇద్దరూ పరీక్షల మీద వాదిస్తున్నారు కాబట్టి ఆ పరీక్షలని ఎలా చదవాలో చెప్తాను. కాస్త పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

ఏవీ-కంపారిటివ్స్ వాళ్ల రియల్ వరల్డ్ పరీక్షలో ఉండేవి కొన్ని వందల దాడులు. నాలుగు వందలనుకుందాం. అప్పుడు 99.5 శాతానికీ 99.75 శాతానికీ తేడా ఒకే ఒక్క ఫైల్. ఆ ఒక్కదాని కోసం ఇది గొప్పది, అది పనికిరానిది అని తేల్చేయడం అర్థం లేని పని. ఆ సంస్థే దగ్గర దగ్గర ఫలితాలున్నవాటిని గుంపులుగా కలిపి చూపిస్తుంది. జనం మాత్రం ఆ భాగం వదిలేసి ర్యాంకులు వేసుకుంటారు. ఒక్కసారి ఫలితం కాదు, రెండు మూడేళ్లు వరసగా ఎక్కడుందో చూడాలి.

రెండోది ఫాల్స్ పాజిటివ్. మంచి ఫైల్‌ని వైరస్ అనడం. పట్టుకునే శాతం చూసినవాళ్లు ఆ పట్టిక చూడరు. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ ఒక అప్‌డేట్ పంపితే అది విండోస్ ఎక్స్‌పీలో ఎస్‌వీసీహోస్ట్ అనే సిస్టమ్ ఫైల్‌నే వైరస్ అనుకుంది, కంప్యూటర్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. ఇంట్లో ఇంకో నష్టం కూడా ఉంది. వారానికోసారి ఉత్తుత్తి హెచ్చరిక వస్తుంటే మనిషికి 'అనుమతించు' నొక్కడం అలవాటైపోతుంది. ఆ చేత్తోనే నిజమైనదాన్ని కూడా లోపలికి పంపిస్తాడు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. అదే పరీక్షలో ఆపినవి, ఆపలేనివి కాక మధ్యలో పసుపు రంగులో 'యూజర్ డిపెండెంట్' అని ఇంకో భాగం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఏదీ తేల్చకుండా 'దీన్ని నడపమంటారా?' అని మనల్నే అడిగిన సందర్భాలు. వాటికి సగం మార్కు వేస్తారు. ఇంట్లో వాడే మనిషికి ఆ సగం మార్కు సున్నా అవ్వచ్చు, పూర్తి మార్కూ అవ్వచ్చు. మీ ఇద్దరి గొడవా తేలేది అక్కడే అని నా ఉద్దేశం.

రీబూట్:
సరిగ్గా చెప్పారు. పహరా గారూ, ఇప్పుడు ఇళ్లల్లో జరుగుతున్న నష్టం ఎలా మొదలవుతోందో చూడండి. ఒక సైటులో 'నేను రోబోని కాదు' అనే పెట్టె వస్తుంది. టిక్ చేస్తే మూడు సూచనలు: విండోస్ మీటతో కలిపి ఆర్ నొక్కండి, కంట్రోల్‌తో కలిపి వి నొక్కండి, ఎంటర్ కొట్టండి. టిక్ చేసిన క్షణంలోనే ఆ పేజీ విండోస్‌కి నేరుగా ఆదేశాలిచ్చే ఒక పవర్‌షెల్ కమాండ్‌ని మన క్లిప్‌బోర్డులోకి కాపీ చేసి ఉంచుతుంది. రన్ పెట్టెలో అది అతుక్కుంటుంది, కానీ ఆ పెట్టె చిన్నది కాబట్టి కనిపించేది కమాండ్ చివర తగిలించిన 'వెరిఫికేషన్' లాంటి ముక్క మాత్రమే. ఎంటర్ కొట్టింది మనమే కాబట్టి కంప్యూటర్ దృష్టిలో ఇది యజమాని కోరుకున్న పని. దాంతో దిగేది లుమ్మా లాంటి దొంగ ప్రోగ్రామ్. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు (మనం లాగిన్ అయ్యామని సైటు గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు) పట్టుకుపోతుంది. కుకీ చేతికి చిక్కితే చాలాచోట్ల ఓటీపీ కూడా అడగరు, ఎందుకంటే మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని ఆ సైటు అనుకుంటుంది.

ఇక్కడ డిఫెండరా, ఇంకోటా అన్నది రెండో మాట. ఆ డబ్బూ ఆ శ్రద్ధా పాస్‌వర్డ్ మేనేజర్ మీద, బ్యాకప్ కోసం ఒక హార్డ్ డిస్క్ మీద పెడితే ఇంటికి ఎక్కువ మేలు.

స్క్రూడ్రైవర్:
నేను ఇళ్లకి వెళ్లి కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. ఇక్కడ చెప్పుకుంటున్నవన్నీ నిజమే, కానీ నాకు ఎక్కువగా కనబడేవి వేరే.

'మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి, సబ్‌స్క్రిప్షన్ అయిపోయింది, వెంటనే రెన్యువల్ చేయండి' అని తెర కుడివైపు కింద మూల గంటకోసారి వస్తోందని టెన్షన్ పడి పిలుస్తారు. తీరా చూస్తే ఆ యాంటీవైరస్ ఆ కంప్యూటర్‌లో ఎప్పుడూ లేదు. ఎప్పుడో ఏదో సైటు నోటిఫికేషన్లు పంపనా అని అడిగితే 'అలో' నొక్కారు, అంతే. బ్రౌజర్ సెట్టింగుల్లో నోటిఫికేషన్ల జాబితా తెరిస్తే నోరు తిరగని పేర్లున్న సైట్లు వరసగా కనిపిస్తాయి. వాటిని తీసేస్తే వైరస్‌లూ మాయం, రెన్యువలూ మాయం. నిజం యాంటీవైరస్‌లు కూడా అచ్చం ఇలాగే ఎర్ర రంగులో, భయపెట్టే మాటలతో రెన్యువల్ అడుగుతాయి కాబట్టి పెద్దవాళ్లకి అసలేదో నకిలీయేదో తెలియదు. ఈ అలవాటు చేసింది ఆ కంపెనీలే, నాకు వాళ్ల మీద కోపం దీనికే.

రెండోది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్. ఆ ఫోల్డర్‌లో ఉండే నోట్‌లో మొదటి లైనే 'యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి' అని ఉంటుంది, పిల్లలు ఆపేస్తారు. ఎంత ఖరీదైనది కొన్నా దాన్ని ఆపే బటన్ కూడా అందులోనే ఉంది.

మా బంధువులకి ఒక కంపెనీ ప్యాకేజీ మొదటి ఏడాది చవగ్గా ఇచ్చింది, రెండో ఏడాది చెప్పకుండా కార్డు నుంచి రెట్టింపు లాగేసింది. ఆటో రెన్యువల్ ఆపే చోటు వెతకడానికే ఒక పూట పట్టింది.

పహరా:
స్క్రూడ్రైవర్ అన్నా, మీరు చెప్పిన ప్రతిదీ నా వైపు సాక్ష్యంగానే చూస్తున్నాను. ఆ 'అలో' నొక్కిన పేజీని, ఆ రోబో పెట్టె పేజీని ముందే ఆపగలిగితే కథ అక్కడే అయిపోతుంది కదా. కమాండ్ నడిచాక పట్టుకోవడం ఆఖరి మెట్టు, పేజీ తెరవనివ్వకపోవడం మొదటి మెట్టు. మంచి ప్యాకేజీల బలం ఆ మొదటి మెట్టు దగ్గరే.

రీబూట్ గారికి ఇంకో ప్రశ్న. ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్, మన ఫోటోల ఫోల్డర్లని ముట్టుకోకుండా ఆపే 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' డిఫెండర్‌లో 2017 నుంచి ఉంది. కానీ అది ఆఫ్‌లో వస్తుంది. మనమే ఆన్ చేయాలి. చేస్తే ఏదో ఒక గేమ్ సేవ్ అవ్వదు, ఏదో ప్రోగ్రామ్ మొరాయిస్తుంది, చిరాకు పుట్టి మళ్లీ ఆఫ్ చేస్తారు. మీరు పొగిడే డిఫెండర్ అన్నీ సరిగ్గా పెట్టుకున్న డిఫెండర్. ఇళ్లల్లో ఉన్నది డబ్బాలోంచి తీసినట్టే ఉన్న డిఫెండర్.

కొత్తగా_చేరాను:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇంకా విండోస్ 10 ఉంది, 11 ఎక్కదంటోంది. మంచి యాంటీవైరస్ కొంటే అలాగే వాడుకోవచ్చా?

అంకెలపిచ్చి:
వద్దండీ, దాన్ని నమ్ముకుని ఉండకండి. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. సిస్టమ్‌లో కన్నం ఉంటే దాన్ని పూడ్చేది విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ కాదు. 2017 మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చేసింది. ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వెళ్లింది, ప్యాచ్ వేసుకున్నవాళ్ల జోలికి ఆ దారిన రాలేకపోయింది. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లలో చేరడమో, ఆ మెషిన్ మీద లినక్స్ వేసుకోవడమో చేయండి. బ్యాంకు పనులు మాత్రం అప్‌డేట్లు రాని కంప్యూటర్‌లో చేయకండి.

ఇంకో మాట, చాలామంది సొంతంగా 'టెస్ట్' చేసి ఇక్కడ పెడుతున్నారు కాబట్టి. ఐకార్ ఫైల్ అని 68 అక్షరాల హానిలేని ఫైల్ ఉంది. దాన్ని పట్టుకుంటే మీ యాంటీవైరస్ మేలుకుని ఉందని మాత్రమే తెలుస్తుంది, మంచిదో కాదో తెలియదు. ఒక ఫైల్‌ని చాలా యాంటీవైరస్ ఇంజన్లతో ఒకేసారి స్కాన్ చేసే వైరస్‌టోటల్ సైటులో ఒక ఫైల్ వేసి ఏ ఇంజన్ పట్టింది, ఏది పట్టలేదు అని పోల్చడం కూడా తప్పే, వాళ్లే అలా పోల్చొద్దని చెప్తారు. వీడియోల్లో పాత మాల్వేర్ ఉన్న ఫోల్డర్‌ని స్కాన్ చేసి చూపించేదీ అంతే. అసలు దాడిలో ఫైల్ ఎక్కడినుంచి వచ్చింది, నడిచాక ఏం చేసింది అన్నవి కూడా చూసి ఆపుతారు, ఫోల్డర్ స్కాన్‌లో అవేవీ ఉండవు.

రీబూట్:
పహరా గారూ, మొదటి మెట్టు అన్నారు, దానికి మనం ఇచ్చే మూల్యం కూడా చెప్పండి. ఎన్‌క్రిప్ట్ అయిన పేజీలని చదవాలంటే చాలా ప్యాకేజీలు తమ సొంత రూట్ సర్టిఫికెట్‌ని (ఏ సైటు అసలైనదో నమ్మడానికి కంప్యూటర్ ఆధారపడే ముద్ర) సిస్టమ్‌లో పెట్టి, బ్రౌజర్‌కీ సైటుకీ మధ్యలో కూర్చుంటాయి. మీ బ్యాంకు పేజీ కూడా వాటి చేతుల మీదుగానే రావచ్చు. ఇలా మధ్యలో దూరే సాఫ్ట్‌వేర్ల మీద 2017లో పరిశోధకులు పెద్ద అధ్యయనం చేస్తే, వాటిలో చాలావరకు కనెక్షన్ భద్రతని పెంచకపోగా తగ్గించాయని తేలింది. 2016లో సాఫ్ట్‌వేర్ లోపాలు వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందంలో ఉన్న టావిస్ ఆర్మండీ సిమాంటెక్, నార్టన్ ఉత్పత్తుల్లో బయటపెట్టిన లోపాలు గుర్తున్నాయా? మెయిల్ తెరవక్కర్లేదు, వస్తే చాలు, యాంటీవైరస్ దాన్ని స్కాన్ చేయబోయి తానే దాడికి దారి ఇచ్చేది.

పహరా:
గుర్తుంది. 2017లో మైక్రోసాఫ్ట్ ఇంజన్‌లోనే దాదాపు అలాంటి లోపాన్ని అదే మనిషి పట్టుకున్నదీ గుర్తుంది. ప్రతి ఫైల్‌నీ తెరిచి చూసే ఏ ప్రోగ్రామ్‌కైనా ఆ ప్రమాదం ఉంటుంది, డిఫెండర్‌కి మినహాయింపు లేదు.

స్క్రూడ్రైవర్:
నా పద్ధతి చెప్తాను. పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌లో వాళ్లకి అడ్మిన్ కాని మామూలు అకౌంట్ ఇస్తాను. ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, అది వాళ్ల పిల్లల దగ్గర ఉంటుంది. బ్రౌజర్‌లో నోటిఫికేషన్లు మొత్తం ఆపేస్తాను, యాడ్ బ్లాకర్ ఒకటి వేస్తాను. ఫోటోలు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ తీసి బీరువాలో పెట్టమంటాను, తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు. ఇంత చేశాక డిఫెండర్ ఉన్న ఇళ్ల నుంచి నాకు మళ్లీ పిలుపులు రావడం తక్కువే. ఎవరో ఫోన్ చేసి, దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే ఎనీడెస్క్ వేయించిన కేసులు మాత్రం వస్తూనే ఉన్నాయి. అది దొంగ సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి యాంటీవైరస్ మామూలుగా అడ్డుచెప్పదు.

పహరా:
ఇది బాగుంది, నేను కాదనను. కానీ ఇదంతా మీలాంటి మనిషి ఆ ఇంటికి వెళ్తే. ఆ పాస్‌వర్డ్ ఉన్న కొడుకో కూతురో ఫోన్ ఎత్తితే. అలాంటి మనిషి లేని ఇళ్లే ఎక్కువ. అక్కడ పసుపు రంగు పెట్టెలో మనిషిని అడగకుండా తానే తేల్చేసే సాఫ్ట్‌వేర్ కావాలి, దానికి డబ్బు పెట్టడం వృథా అని నేను చెప్పలేను.

రీబూట్:
అలాంటి ఇంటికైతే ఒప్పుకుంటాను, మూడు షరతుల మీద. కొన్న రోజే ఆటో రెన్యువల్ ఆపాలి. దానితో వచ్చే షాపింగ్ ఎక్స్‌టెన్షన్, క్లీనర్ లాంటివి వేయకూడదు. హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్, అంటే ఇందాక చెప్పిన ఎన్‌క్రిప్ట్ అయిన పేజీలని మధ్యలో చదవడం, ఆఫ్ చేయాలి.

పహరా:
మొదటి రెండూ ఈ రోజే ఒప్పేసుకుంటాను. మూడోది ఆఫ్ చేస్తే సైటు పేరు కనిపిస్తుంది గానీ పేజీ లోపల ఏముందో కనిపించదు. నిన్న పుట్టిన మోసపు పేజీని పేరు చూసి ఎలా పట్టుకుంటుంది? బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తో ఆ పని అవుతుందంటారా? దాని మీద విడిగా చర్చ మొదలుపెట్టండి, నేను వస్తాను.