చేదోడు సరే, వాదోడు అంటే ఏమిటి?

మొన్న గ్రూపులో ఒకరు అడిగారు: "చేదోడు వాదోడుగా ఉన్నాడు అంటాం కదా, ఇందులో వాదోడుకి సొంత అర్థం ఉందా? లేక పెళ్లీ గిళ్లీ, పుస్తకం గిస్తకం లాగా ఊరికే వెంట వచ్చిన మాటా?" కింద ఇంకొకరు దాన్ని "వాదు"తో ముడిపెట్టారు. అక్కడే రెండు ముక్కల్లో చెబుదామనుకున్నాను, కానీ నాకు ఇష్టమైన మాట కాబట్టి విడిగా రాస్తున్నాను.

వాదోడుకి వాదుతో సంబంధం లేదు. అది వాయి + తోడు. వాయి అంటే నోరు. తమిళంలో వాయ్, కన్నడంలో బాయి ఇప్పటికీ నిత్యం వాడే మాటలే. మనకు మాత్రం నోరు మిగిలి, వాయి పాతబడింది. అయినా పూర్తిగా పోలేదు. "నోరూ వాయీ లేని జీవాలు" అంటాం. "పంట పోయిందని రైతులు వాపోతున్నారు" అని పేపర్లో చదువుతాం. ఆ వాపోవడంలో ఉన్న "వా" ఇదే. వాకొను అంటే పలకడం. వాకిలికి కూడా ఈ వాయే మూలమని భాషావేత్తలు చెబుతారు, అంటే ఇంటికి నోరన్నమాట.

చేయి సమాసంలో "చే" అయినట్టే (చేజారు, చేబదులు, చేవ్రాలు) వాయి "వా" అయింది. తల్లిదండ్రుల్లో తండ్రి దండ్రి అయినట్టు తోడు దోడు అయింది. కాబట్టి చేదోడు చేత్తో చేసే సాయం, వాదోడు నోటితో చేసే సాయం.

నాకు ఈ మాట మీద ఇంత ప్రేమ ఎందుకంటే, మాటను చేతి పక్కన సమానంగా కూర్చోబెట్టారు మన పెద్దలు. సాయం అనగానే ఇప్పుడు మనకు డబ్బో, వస్తువో, ఒంటి కష్టమో గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు ఏడాదికి 10 వేల రూపాయలిచ్చే పథకం పెట్టినప్పుడు కూడా పేరులోకి చేదోడే వచ్చింది. డబ్బు సాయానికి అది సరైన మాటే. వాదోడు మాత్రం జంటలో తప్ప ఒంటరిగా ఎక్కడా వినిపించదు. "మాటసాయం" ఉంది కదా అంటారేమో. ఉంది, కానీ దాన్ని ఎక్కువగా సిఫారసు అనే అర్థంలో వాడుతున్నాం. "ఎవరితోనైనా ఓ మాట చెప్పించండి" అన్నట్టు.

అసలు వాదోడు ఎలా ఉంటుందో నేను ఒక ఆసుపత్రిలో చూశాను. నాన్నకు ఒంట్లో బాగోలేక అమ్మ, నేను తీసుకెళ్లాం. నేను మందుల కోసం కిందికి దిగాను. ఆలోగా కౌంటర్లో అమ్మను ఏదో కాగితం అడిగారు. అమ్మకు అర్థం కాలేదు, అవతలి మనిషి గొంతు పెంచాడు, అమ్మ టెన్షన్‌లో నోరు మెదపలేకపోయింది. వెనక వరసలో ఉన్న ఒకావిడ ముందుకొచ్చి, "ఆవిడ కంగారు పడుతున్నారు బాబూ, నెమ్మదిగా చెప్పు, నేను చూస్తాను" అందట. సంచిలోంచి చీటీలన్నీ తీయించి, కావాల్సింది ఏరి ఇచ్చి, "వదినా, ఇక కూర్చోండి, పిలుస్తారు" అని చెప్పి తన వరసలోకి వెళ్లిపోయింది. రూపాయి ఖర్చు లేదు, రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. నాన్న కోలుకుని ఇంటికొచ్చి చాలాకాలమైనా అమ్మ ఆ "వదినా" అన్న పిలుపునే తలుచుకుంటుంది.

ఇక తోడు దగ్గరికి వద్దాం. తోడబుట్టినవాళ్లు, తోడికోడళ్లు, తోడల్లుళ్లు. తోడికోడళ్లలో ఎవరు ఎవరికి తోడు? ఒకరికొకరు. ఇచ్చేవారు పైన, పుచ్చుకునేవారు కింద అన్న లెక్క ఈ మాటలో లేదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న సహాయం కూడా మొదట ఇలాంటిదే: సహ అంటే కూడా, అయ అంటే వెళ్లడం. వెంట నడిచేవాడు సహాయుడు.

పాలల్లో వేసే తోడును మరిచిపోకండి. హైదరాబాద్‌లో కొత్త అపార్ట్‌మెంట్‌లో చేరిన మొదటి నెల నాకు ఎవరూ తెలియదు. ఒక రాత్రి పక్కింటావిడ చిన్న గిన్నెతో తలుపు కొట్టి, "కొంచెం తోడు ఉందా అండీ?" అంది. స్పూను పెరుగు ఇచ్చాను. తర్వాతి వారం నేను వెళ్లి అడిగాను. పరిచయం అలా పేరుకుంది. పెరుగు ప్యాకెట్ కింద షాపులో దొరుకుతుంది, ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

వ్యాఖ్యల్లోంచి రెండు ఇక్కడే చేరుస్తున్నాను.

ఒకరు రాశారు: "మా ఇంట్లో తోడు అనరండీ, చేమిరి అంటారు. తోడు పెట్టడం కాదు, పేరబెట్టడం."

మంచి మాట, పోనివ్వకండి. పిల్లల ముందు కూడా చేమిరి అనే అనండి.

ఇంకొకరు: "వాదోడును ఇప్పుడు విడిగా వాడితే ఎబ్బెట్టుగా ఉండదా?"

మొదట్లో కొంచెం ఉంటుంది. అయినా నేను వాడుతున్నాను. బ్యాంకులో ఫారం నింపలేక ఇబ్బంది పడుతున్న పెద్దాయనకు రాసిపెట్టడం చేదోడు. ఆయన తరఫున కౌంటర్లో అడిగి చెప్పడం వాదోడు. "సపోర్ట్‌గా మాట్లాడాడు" అనే చోట "వాదోడయ్యాడు" అని రాసి చూడండి, వాక్యం ఎక్కడా కుంటుపడదు.

నాదొక ప్రశ్న కూడా ఉంది. మా వైపు సంతలో బరువు తట్ట నెత్తికెత్తుకోవాలంటే దారిన పోయేవాళ్లను "కాస్త చెయ్యెయ్యి నాయనా" అంటారు. మీ వైపు ఏమంటారు?